మేనల్లుడితో ఎక్స్‌ప్లోరర్స్ ఆఫ్ స్కై: తెలుగులో చెప్తూ ఆడించాలి, సలహాలు కావాలి

మౌలాలి_మామ | మే 3, రాత్రి 10:20

అందరికీ నమస్తే. వేసవి సెలవులకి మా అక్క కొడుకు కరీంనగర్ నుంచి వచ్చాడు. తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి అయిపోయింది. పోకెమాన్ అంటే ప్రాణం. పేర్లన్నీ నోటికొచ్చు గానీ ఆట ఎప్పుడూ ఆడలేదు.

నిన్న అటక మీద పెట్టెలు దించుతుంటే నా పాత డీఎస్ లైట్, అదే చేతిలో పట్టుకుని ఆడే నింటెండో మిషన్, దొరికింది. నేను ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు మా పెద్దనాన్న కూతురు అమెరికా నుంచి తెచ్చిచ్చింది. పైమూత దగ్గర సన్న పగులు ఉంది, మిగతాదంతా బాగానే ఉంది. దాంతోపాటు పోకెమాన్ మిస్టరీ డంజన్: ఎక్స్‌ప్లోరర్స్ ఆఫ్ స్కై క్యాసెట్ కూడా ఉంది. అప్పట్లో సగం ఆడి వదిలేశాను, సెమిస్టర్ పరీక్షలొచ్చాయి.

వాడితో కలిసి మొదటి నుంచి ఆడదామని ఉంది. రోజూ సాయంత్రం ఎండ తగ్గాక డాబా మీద ఒక గంట. అయితే ఈ ఆటలో మాటలు చాలా ఎక్కువ, అన్నీ ఇంగ్లీషులోనే. వాడు కూడబలుక్కుని చదువుతాడు, కానీ కథ సాగదు. అందుకని నేను చదివి తెలుగులో చెప్తాను, వాడు బటన్లు నొక్కుతాడు.

తెలుసుకోవాల్సినవి: ఛార్జర్ పోయింది, ఏది కొనాలి? తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఇది మరీ కష్టమవుతుందా? ఇంతకుముందు ఎవరైనా ఇలా తెలుగులో చెప్తూ ఆడించారా?

లింగంపల్లి_లోకల్ | మే 3, రాత్రి 10:41

ఛార్జర్ సంగతి ముందు. డీఎస్ లైట్‌కి దాని ఛార్జర్ దానిదే, పిన్ను వేరు. మొదటి డీఎస్‌కి గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ ఛార్జర్ సరిపోతుంది, డీఎస్ఐకి, త్రీడీఎస్‌కి ఒకటే ఛార్జర్. లైట్ మాత్రం ఎవరితోనూ కలవదు. కొట్టువాడు "అన్నీ ఒకటేనండి" అంటే నమ్మొద్దు, మిషన్ పట్టుకెళ్ళి పెట్టి చూసి కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో గానీ, సికింద్రాబాద్ సీటీసీలో గానీ అడిగి చూడండి.

బ్యాటరీ కూడా చూడండి. వెనక ఒక్క స్క్రూ విప్పితే మూత వస్తుంది. ఉబ్బినట్టుంటే వాడొద్దు, కొత్తది వేయండి. పిల్లాడి చేతిలో ఉండే వస్తువు.

తార్నాక_రైచు | మే 3, రాత్రి 11:05

మామగారూ, ఆ క్యాసెట్ జాగ్రత్తగా దాచుకోండి. ఒరిజినల్ దొరకడం ఇప్పుడు చాలా కష్టం. నేను రెండేళ్ళ కింద ఒకచోట సెకండ్‌హ్యాండ్‌లో కొంటే నకిలీ వచ్చింది. నాలుగు గంటలు ఆడాక సేవ్ అవ్వడం మానేసింది. షాపువాడు వెనక్కి తీసుకోలేదు. అసలుదైతే లేబుల్ మీద ఎన్‌టీఆర్ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, అమెరికా కాపీ అయితే చివర్లో యూఎస్ఏ అని ఉంటుంది. అచ్చు మసకగా ఉన్నా, స్టిక్కర్ అంచు లేచినా అనుమానించాలి.

మీకు ఒక సౌకర్యం ఉంది. డీఎస్ ఆటలకి దేశాల తాళం లేదు, ఎక్కడి క్యాసెట్ ఎక్కడి మిషన్‌లోనైనా ఆడుతుంది. త్రీడీఎస్‌తో అలా కాదు. మా అన్నయ్య లండన్ నుంచి త్రీడీఎస్ తెచ్చాడు, మా పిన్ని కూతురు అమెరికా నుంచి సూపర్ మిస్టరీ డంజన్ క్యాసెట్ పంపింది. పెడితే ఆడలేదు. రెండూ అసలువే, రెండూ కొత్తవే. ఆ క్యాసెట్ ఇప్పటికీ డబ్బాలోనే ఉంది. మన దగ్గర వస్తువులన్నీ బంధువుల సూట్‌కేసుల్లోనే వస్తాయి కాబట్టి ఈ సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి.

99వ_అంతస్తు | మే 4, ఉదయం 7:15

కష్టమా అని అడిగారు. ఈ ఆట మామూలు పోకెమాన్ లాంటిది కాదు, అదొక్కటి వాడికి ముందే చెప్పండి. ఇక్కడ బంతి విసిరి పట్టుకోవడం లేదు. మనమే పోకెమాన్. డంజన్ అంటే గుహ, దాని లోపలికి వెళ్ళిన ప్రతిసారీ దారులు మారిపోతాయి. 1980లో వచ్చిన రోగ్ అనే కంప్యూటర్ ఆట నుంచి వచ్చిన పద్ధతి ఇది. జపాన్‌లో చున్‌సాఫ్ట్ కంపెనీ 1993లో డ్రాగన్ క్వెస్ట్‌లోని వ్యాపారి టోర్నెకోని హీరోగా పెట్టి మొదటి మిస్టరీ డంజన్ చేసింది. పోకెమాన్‌తో కలిసి చేసిన రెడ్, బ్లూ రెస్క్యూ టీమ్‌లు 2005లో జపాన్‌లో వచ్చాయి. ఎక్స్‌ప్లోరర్స్ ఆఫ్ టైమ్, ఎక్స్‌ప్లోరర్స్ ఆఫ్ డార్క్‌నెస్ 2007లో, వాటికి ఇంకా కలిపి స్కై 2009లో. మీ దగ్గరున్నది అన్నిటికంటే నిండైనది.

ఎలా ఆడాలో పిల్లాడికి చెప్పాలంటే పులి-మేక ఆట గుర్తుచేయండి. మనం ఒక అడుగు వేస్తే అవతలివాడూ ఒక అడుగు వేస్తాడు. మనం ఆగితే అంతా ఆగుతుంది. తొందర అక్కర్లేదు. బటన్లు గబగబా నొక్కే అలవాటున్న పిల్లలే ఇందులో ముందు పడిపోతారు.

రెండోది సందు. గది మధ్యలో నిలబడితే ఎనిమిది వైపుల నుంచీ కొడతారు. సందులోకి వెనక్కి వస్తే ఒక్కొక్కడే రావాలి. మాన్‌స్టర్ హౌస్ అని ఒక గది తగులుతుంది, అడుగుపెట్టగానే పాట మారిపోయి చుట్టూ శత్రువులు దిగుతారు. అప్పుడు భయపడకుండా వచ్చిన దారినే ఒక అడుగు వెనక్కి.

ఆకలి. కడుపు 100 దగ్గర మొదలై నడిచేకొద్దీ తగ్గుతుంది. యాపిల్ తింటే 50 నిండుతుంది. సున్నా అయితే అడుగు అడుగుకీ ప్రాణం పోతుంది. ఓరన్ బెర్రీ గాయాలకి, యాపిల్ ఆకలికి. సంచీలో ఈ రెండూ, పడిపోతే లేపే రివైవర్ సీడ్ ఒకటైనా లేకుండా గడప దాటొద్దు.

ముఖ్యమైనది: మధ్యలో కరెంటు స్విచ్ కట్టేస్తే ఓడిపోయినట్టే లెక్క. సామాను పోతుంది. ఆపాలంటే మెనూలో క్విక్‌సేవ్ ఉంది, లేదా మూత మూసేయండి చాలు, నిద్రపోతుంది. ఎర్ర లైటు వెలిగితే ముందు ఛార్జర్ పెట్టండి.

శ్రావణమేఘం | మే 4, మధ్యాహ్నం 1:30

నేను వేరేమాట చెప్తాను, ఏమనుకోవద్దు. నింటెండో స్విచ్ మిషన్ ఉంటే రెస్క్యూ టీమ్ డీఎక్స్ ఇంకా బాగుంటుంది పిల్లలకి. 2020లో వచ్చింది, మొదటి రెడ్, బ్లూ ఆటలనే మళ్ళీ చేశారు. బొమ్మలన్నీ నీటిరంగుల్లో గీసిన కథల పుస్తకంలా ఉంటాయి. ఒక బటన్ నొక్కితే పాత్ర దానంతట అదే దారి వెతుక్కుంటుంది. మా అమ్మాయి ఏడేళ్ళప్పుడు దాంతోనే మొదలుపెట్టింది.

99వ_అంతస్తు | మే 4, మధ్యాహ్నం 2:10

దారి అదే వెతుక్కుంటే ఇక మనం ఏం వెతుకుతున్నట్టు మేడమ్? ఆ ఆట బొమ్మలు బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ మెట్లు ఎటున్నాయో తెలియక, చేతిలో ఒక్క యాపిల్ మిగిలి, ఎడమకా కుడికా అని ఆలోచించే ఆ నిమిషమే ఈ ఆట.

శ్రావణమేఘం | మే 4, మధ్యాహ్నం 2:25

మీకు అది ఇష్టం. ఏడేళ్ళ పిల్లకి అలా ఓడిపోతే మళ్ళీ ముట్టుకోదు. వయసును బట్టి చూడాలి. మామగారి అబ్బాయికి తొమ్మిది కాబట్టి స్కై పరవాలేదు అనుకుంటున్నా. పైగా ఇంట్లో ఉన్నది అదే, కొత్త స్విచ్ కొనమని నేనూ చెప్పను.

పాతబస్తీ_షింక్స్ | మే 4, రాత్రి 9:50

తెలుగులో చెప్పడం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మా ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. మా తమ్ముడికి నేను ఈ ఆట రెండు భాషల్లోనూ కలిపి చెప్పాను. మొదట ఇబ్బంది పెట్టింది గిల్డ్ అనే మాట. సంఘం అంటే వాడికి యూనియన్ ఆఫీసు గుర్తొచ్చింది. చివరికి తాలీం అన్నాను. బార్కస్‌లో, మా వైపు పహిల్వాన్లు కుస్తీ నేర్చుకునే చోటు. పొద్దున్నే లేవడం, వరుసలో నిలబడడం, గురువు చెప్పింది వినడం, కలిసి తినడం, అక్కడే పడుకోవడం. ఆటలో విగ్లీటఫ్ గిల్డ్‌లో జరిగేది అంతా అదే. విగ్లీటఫ్ ఉస్తాద్, కింద అజమాయిషీ చేసే చాటాట్ ఖలీఫా. వాడికి వెంటనే ఎక్కింది.

ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులోకి మార్చాలని చూడకండి. ముందు మీరు తెర మొత్తం చదివేసి, వాడివైపు తిరిగి, ఏం జరిగిందో చెప్పండి. అప్పుడు కథ చెప్పినట్టుంటుంది. లేకపోతే కోర్టులో దస్తావేజు చదివినట్టుంటుంది.

మౌలాలి_మామ | మే 6, రాత్రి 9:35

అందరికీ చాలా థాంక్స్. ఛార్జర్ దొరికింది. బ్యాటరీ బాగానే ఉంది. తాలీం అన్న మాట అద్భుతంగా పనిచేసింది భాయ్.

నిన్న మొదలుపెట్టాం. మొదట్లో ప్రశ్నలు అడిగి మన స్వభావాన్ని బట్టి ఏ పోకెమాన్ అవుతామో చెప్తుంది కదా. నేను తెలుగులో అడిగితే వాడు చాలా ఆలోచించి జవాబులు చెప్పాడు. ఫాన్పీ వచ్చింది. ఏనుగు పిల్ల. వాడి ఆనందం చూడాలి. ఇంగ్లీషు అక్షరాల్లో గజ అని పేరు పెట్టాడు. పార్ట్‌నర్‌గా షింక్స్‌ని తీసుకుని చింటూ అన్నాడు.

మొదటి సన్నివేశం గురించి చెప్పాలి. పార్ట్‌నర్ గిల్డ్ ముందు ఉన్న జాలీ మీద కాలు పెడుతుంది. కింద నుంచి డిగ్లెట్ "పోకెమాన్ వచ్చింది! ఎవరి పాదం?" అని అరుస్తుంది. పార్ట్‌నర్ బెదిరిపోయి వెనక్కి దూకేస్తుంది. మళ్ళీ ధైర్యం కూడగట్టుకోవాలని చూసి, ఇవాళ కూడా నా వల్ల కాలేదు అనుకుంటూ తలవంచుకుని వెళ్ళిపోతుంది. అది చదివి నేను చెప్తుంటే వాడు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "చింటూ కొత్త స్కూల్‌కి వచ్చిండు మామా" అన్నాడు. వాళ్ళ నాన్న ట్రాన్స్‌ఫర్ వల్ల వీడు నిరుడే బడి మారాడు. నేను ఇంకేం అనలేదు, A బటన్ నొక్కాను.

పిల్లలు ఏ మాట ఎలా అంటారో మనం ముందే అనుకోలేం. షింక్స్ మాటలన్నిటికీ నేను "నువ్వు" అని వాడుతుంటే, వాడు ఆపి "అన్నా అంటది మామా, గజ పెద్దోడు కదా" అన్నాడు. అప్పటి నుంచి చింటూ ప్రతి మాటకీ అన్నా అంటోంది.

తార్నాక_రైచు | మే 6, రాత్రి 9:52

ఏనుగు పిల్ల అంటే నేల రకం. కరెంటు దెబ్బ అసలు తగలదు, నీళ్ళంటే మాత్రం జాగ్రత్త. షింక్స్ నీళ్ళవాళ్ళని చూసుకుంటుంది. మంచి జోడీ.

మౌలాలి_మామ | మే 9, రాత్రి 10:02

ఈరోజు ఒక పెద్ద గొడవ. మొదటి పని, స్పోయింక్ పోగొట్టుకున్న ముత్యం తెచ్చిచ్చాం. అది 2000 ఇచ్చింది. చాటాట్ వచ్చి, గిల్డ్ వాటా అని చెప్పి 1800 తీసుకుని మన చేతిలో 200 పెట్టింది.

వాడు డీఎస్ కింద పెట్టేశాడు. "మామా, 1800 ఎందుకు ఇయ్యాలె? గుహలకి పోయింది మనం కదా?" అంటాడు. నేను తిండి పెడుతున్నారు, పడుకోవడానికి చోటు ఇచ్చారు, పని నేర్పుతున్నారు అని చెప్పాను. "అయినా గంత ఎక్కువా" అని అడిగాడు. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు.

కెక్లియాన్‌బాకీ | మే 9, రాత్రి 10:30

మీ వాడు సరిగ్గానే అడిగాడు. నేను ఆరేళ్ళ పాటు ఇళ్ళకి సామాను చేరవేసే పని చేశాను. నెలాఖరులో చేతికొచ్చేది చూసుకున్నప్పుడల్లా ఈ సన్నివేశమే గుర్తొచ్చేది. ఆటలో ఎవరూ దాన్ని న్యాయమని అనరు, అది గమనించండి. పార్ట్‌నర్ కూడా గట్టిగానే అడుగుతుంది. గిల్డ్ పద్ధతి అంతే అని చాటాట్ అంటుంది. పిల్లాడికి నచ్చజెప్పాలని చూడకండి. అవును, ఎక్కువే తీసుకున్నారు అని ఒప్పుకుంటే చాలు.

ఇదే ఆటలో తర్వాత యాపిల్ అడవి భాగం వస్తుంది. వీళ్ళు పని చెడగొట్టారని రాత్రి అన్నం పెట్టరు. అప్పుడు తోటి పిల్లలు తమ వాటాలో దాచి తెచ్చిపెడతారు. ఆ రెండూ కలిపి చూడాలి. డబ్బులు లాక్కునేదీ ఆ ఇల్లే, ఆకలిగా పడుకుంటే దాచి పెట్టేదీ ఆ ఇల్లే.

పాతబస్తీ_షింక్స్ | మే 9, రాత్రి 11:10

అలా తెచ్చిపెట్టినవాళ్ళలో ఒకడు బిడూఫ్, అక్కడే మా తమ్ముడికి ఇష్టమైపోయాడు. స్కైలో బిడూఫ్‌కి వేరే కథ కూడా ఉంది, మొత్తం ఐదు ప్రత్యేక కథలున్నాయి. అవి టైమ్, డార్క్‌నెస్‌లో లేవు. మధ్యమధ్యలో తెరుచుకుంటాయి, వదలకండి.

మౌలాలి_మామ | మే 14, రాత్రి 8:48

ఓడిపోయాం. సంచీ సగానికి పైగా పోయింది, డబ్బు మొత్తం పోయింది. నా తప్పే. ఎర్ర లైటు వెలుగుతుంటే ఈ ఒక్క ఫ్లోర్ దాటేద్దాం అన్నాను. ఆరిపోయింది. 99 అన్న ముందే రాశారు, నేను పట్టించుకోలేదు.

వాడు ఏడ్చాడు. పోయినవాటిలో వాడు మూడు రోజులుగా దాచుకుంటున్న గమ్మీలు (ఆటలో పోకెమాన్‌కి పెట్టే మిఠాయిలు) ఉన్నాయి. అన్నం కూడా సరిగ్గా తినలేదు. మా అమ్మ నన్ను తిట్టింది. రేపు ఆడదామంటే వస్తాడో రాడో.

99వ_అంతస్తు | మే 14, రాత్రి 9:20

వస్తాడు. ఒక్కటే మాట అడగండి వాడిని: లెవెల్ పోయిందా? పోలేదు. గజకి వచ్చిన బలం గజతోనే ఉంది. సామాను మళ్ళీ దొరుకుతుంది. ఇకమీదట డబ్బు డస్కల్ బ్యాంకులో వేసి, ఇష్టమైన సామాను కంగాస్కాన్ దగ్గర దాచి, కావాల్సినంతే పట్టుకెళ్ళండి.

నేను ప్యూరిటీ ఫారెస్ట్ ఎక్కిన రోజుల సంగతి చెప్తాను. బ్లూ రెస్క్యూ టీమ్‌లో అది 99 అంతస్తులు. తోడు ఉండదు, సామాను ఉండదు, ఎంత పెద్ద లెవెల్ అయినా లోపలికి వెళ్తే ఒకటికి దిగిపోతుంది. అప్పుడు నా ఉద్యోగం పోయి నాలుగు నెలలు. మెట్రోలో ఇంటర్వ్యూలకి మియాపూర్ నుంచి వెళ్ళేవాణ్ణి, దారంతా అదే ఆడేవాణ్ణి. 40ల్లో పోయాను, 60ల్లో పోయాను, ఒకసారి 91 దగ్గర ఆకలితో పోయాను. 91 దగ్గర మూత మూసి బయటికి చూస్తూ కూర్చున్నాను. మర్నాడు మళ్ళీ ఒకటో అంతస్తు నుంచే మొదలుపెట్టాను. 99 చేరిన రోజు అమీర్‌పేటలో రైలు మారాల్సింది, దిగడం మర్చిపోయాను. నా పేరు అక్కడిదే.

మీ వాడు ఏడ్చాడంటే ఆ సామాను వాడికి నిజమైనదన్నమాట. ఆట వాడికి అందింది.

శ్రావణమేఘం | మే 15, ఉదయం 8:05

మామగారూ, తప్పు మీదని వాడితో చెప్పారా? చెప్పండి. మా అమ్మాయితో నేనోసారి ఇలాగే చేసి, ఏదో మాట దాటేస్తే వారం రోజులు నాతో కలిసి ఆడలేదు.

మౌలాలి_మామ | మే 15, రాత్రి 9:15

చెప్పాను. "సరేలే మామా" అన్నాడు. ఛార్జర్ వాడే పెట్టాడు, ఇకనుంచి లైటు సంగతి తనే చూసుకుంటాడట. ఆడాం.

మౌలాలి_మామ | మే 24, రాత్రి 10:45

ఇక్కడి నుంచి కథ బయటపడుతుంది, ఆడనివాళ్ళు ఈ పోస్ట్ దాటేయండి.

ఇన్నాళ్ళూ గ్రోవైల్‌ని దొంగగా చూపించారు కదా. కాలాన్ని నడిపే టైమ్ గేర్లు ఒక్కొక్కటీ ఎత్తుకుపోతున్నాడు, ఎత్తుకుపోయిన చోట కాలం ఆగిపోతోంది. నేను తెలుగులో చెప్పేటప్పుడు "వాడు" అనే చెప్పాను. వాడొచ్చాడు, వాడు గేర్ తీసుకుని పారిపోయాడు. డస్క్‌నోయిర్ పేరున్న పెద్దమనిషి, అందరూ గౌరవిస్తారు, అందుకని "ఆయన" అన్నాను. డస్క్‌నోయిర్ గారు అని కూడా అన్నాను. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకే మాట, నేను మాత్రం ప్రతిసారీ ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది.

నిన్న, ఇవాళ ఆ చీకటి భవిష్యత్తు భాగం అయింది. గాలి లేదు, నీటి చుక్క గాల్లోనే ఆగిపోయి ఉంది. అక్కడ తెలిసింది, గ్రోవైల్ వచ్చింది కాలాన్ని కాపాడటానికని. ఆపడానికి వచ్చినవాడు డస్క్‌నోయిర్. పైగా గజ ఒకప్పుడు మనిషిగా ఉన్నప్పుడు గ్రోవైల్‌కి తోడు.

నేను తర్వాతి తెర చదివి అలవాటుగా "వాడేమన్నాడంటే" అని మొదలుపెట్టాను. పిల్లాడు ఆపాడు. "వాడు కాదు మామా. ఆయన." ఒక నిమిషం ఆగి, "డస్క్‌నోయిరే వాడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. మూడు వారాలు నేను వాడిన మాటలతో వాడికి నేను కూడా అబద్ధమే చెప్పాను కదా, తెలియకుండానే. గిల్డ్‌లో అందరూ నమ్మినట్టే నేనూ నమ్మించాను. ఇంగ్లీషులో ఆడినప్పుడు నాకు ఈ మలుపు ఇంత గట్టిగా తగల్లేదు.

పాతబస్తీ_షింక్స్ | మే 24, రాత్రి 11:20

చదివి ఒళ్ళు జలదరించింది. మా ఉర్దూలో కూడా తూ, తుమ్, ఆప్ ఉన్నాయి. మా తమ్ముడికి చెప్పినప్పుడు నేను గ్రోవైల్‌ని మొదటి నుంచీ ఆప్ అన్నాను, నాకు కథ ముందే తెలుసు కాబట్టి. ఇప్పుడు అర్థమైంది, ఎంత పాడు చేశానో. కథ తెలిసినవాళ్ళు చెప్పేటప్పుడు నోరు అదుపులో పెట్టుకోవాలి.

మీ వాడితో ఐదో ప్రత్యేక కథ తప్పకుండా ఆడించండి. అందులో గ్రోవైల్‌ని మనమే నడిపిస్తాం, డస్క్‌నోయిర్ పక్కనే ఉంటాడు. చివరికి డస్క్‌నోయిర్‌ని ఏమని పిలుస్తాడో చూడండి. ఇంతకుమించి చెప్పను.

తార్నాక_రైచు | మే 25, ఉదయం 6:50

నేను మా చెల్లెలితో ఆడిన రోజులు గుర్తొచ్చాయి. మొదటి రెస్క్యూ టీమ్. నా దగ్గర డీఎస్‌లో బ్లూ, దాని దగ్గర గేమ్‌బాయ్‌లో రెడ్. నేను వరంగల్‌లో హాస్టల్, అది ఇంట్లో. ఒకరు పడిపోతే ఇంకొకరు వెళ్ళి లేపొచ్చు ఈ ఆటలో. పడిపోయినవాళ్ళకి ఒక పొడుగాటి కోడ్ వస్తుంది. అది ఇంకొకరు తమ ఆటలో ఎక్కిస్తే, అదే గుహలో అదే అంతస్తుకి వెళ్ళి కాపాడొచ్చు. కాపాడాక వాళ్ళకి ఇంకో కోడ్ వస్తుంది, అది పడిపోయినవాళ్ళు ఎక్కించుకుంటే లేచి నిలబడతారు. సంచీలో ఏదీ పోదు.

ఇంటర్నెట్టూ వైర్లూ ఏమీ అక్కర్లేదు. ఫోన్ చాలు. హాస్టల్ వరండాలో నిలబడి చెల్లి చెప్తుంటే నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకునేదాన్ని. ఒక్క అక్షరం తప్పినా మొత్తం కోడ్ చెల్లదు. ఎం అందా ఎన్ అందా అర్థంకాక "మ్యాంగో ఎమ్మా, నెయిల్ ఎన్నా" అని అడిగేదాన్ని. మధ్యలో మగ గుర్తు, ఆడ గుర్తు కూడా వస్తాయి. వార్డెన్ అటుగా వెళ్తూ, ఈ పిల్ల ఫోన్‌లో రోజూ ఇదేం మాట్లాడుతోందని ఆగి చూసేది. మా మధ్య చిన్నచిన్న గొడవలొచ్చి మాట్లాడుకోని రోజుల్లో కూడా ఆ కోడ్ మాత్రం ఆగలేదు. ఇంకేం మాట్లాడకుండా కోడ్ చెప్పి పెట్టేసేది, నేను వెళ్ళి లేపి కోడ్ చెప్పి పెట్టేసేదాన్ని.

మౌలాలి_మామ | జూన్ 4, రాత్రి 11:30

కథ అయిపోయింది. రాత్రి కరెంటు పోయింది, డాబా మీద చాప వేసుకుని ఆ తెర వెలుగులోనే ఆడాం. టెంపోరల్ టవర్ మీద ఆఖరి శత్రువు డయాల్గాతో రెండుసార్లు ఓడి మూడోసారి గెలిచాం, ఆఖరి రివైవర్ సీడ్ చింటూ మీద ఖర్చయింది.

తర్వాత గజ మాయమయ్యే భాగం. భవిష్యత్తు మారిపోయింది కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాడు ఇక ఉండడు. చింటూకి తెలియదు, పక్కన నడుస్తూనే ఉంది. నేను చదువుతూ చెప్తుంటే గొంతు పట్టేసింది. పిల్లాడు నా చేతిలోంచి డీఎస్ తీసుకుని, వేలు పెట్టి, మిగతా తెరలన్నీ తనే ఇంగ్లీషులో చదివాడు. మెల్లగా, ఒక్కో పదం. నేను కలగజేసుకోలేదు. "ఫర్‌గెట్" దగ్గర ఒక్కసారి నావైపు చూశాడు, మర్చిపోవడం అన్నాను.

ఒక్కటే తిరిగొచ్చిన చింటూ, జరిగిందంతా అందరికీ చెప్తుంది, చెప్పమని గజ అడిగింది కాబట్టి. కొన్నాళ్ళకి అదే సముద్రం ఒడ్డు, మొదట ఇద్దరూ కలిసిన చోటు, పొద్దుగుంకేవేళ క్రాబీలు బుడగలు ఊదుతుంటాయి. అక్కడ ఏడుస్తుంది. తర్వాత గజ తిరిగొస్తుంది, డయాల్గా పంపిస్తుంది. వాడు ఎగిరి గంతేస్తాడనుకున్నా. లేదు. మూత మూయకుండా అలాగే చాప మీద పడుకుని, "అమ్మకి ఫోన్ చెయ్యి మామా" అన్నాడు. పదకొండు కావస్తోంది, అయినా చేశాను.

కెక్లియాన్‌బాకీ | జూన్ 5, ఉదయం 9:10

కథ అయిపోయింది గానీ ఆట సగమే అయింది. మనాఫీ కథ, షేమిన్ కొండ, ఇంకా చాలా ఉన్నాయి. 492 పోకెమాన్‌లని జట్టులో చేర్చుకోవచ్చు. సెలవులు ఎప్పటిదాకా?

మౌలాలి_మామ | జూన్ 5, ఉదయం 9:40

ఆదివారం వెళ్ళిపోతాడు. 12న బడి. డీఎస్ వాడికే ఇచ్చేస్తున్నా, ఛార్జర్‌తో సహా.

మౌలాలి_మామ | జూన్ 15, రాత్రి 8:05

అర్జెంటు. స్కై ఎవరి దగ్గరైనా ఉందా, మిరకిల్ సీ దాకా వచ్చినవాళ్ళు?

కరీంనగర్ నుంచి ఫోన్. మనాఫీకి జబ్బు చేసింది, మందు కోసం సముద్రంలోకి వెళ్ళాడు, 14వ ఫ్లోర్‌లో పడిపోయాడు. అంతా నీళ్ళవాళ్ళే, ఏనుగు పిల్ల ఆగలేకపోయింది. మళ్ళీ దాచుకున్న గమ్మీలన్నీ సంచీలోనే ఉన్నాయట. ఇక్కడ అన్ని పోస్టులూ నేను వాడికి చదివి వినిపించేవాణ్ణి, తార్నాక గారి హాస్టల్ కోడ్ సంగతి గుర్తుపెట్టుకున్నాడు. "మామా, ఆ అక్కలాగ కోడ్ చెప్తా, రాసుకో" అన్నాడు. నా దగ్గర రెండో క్యాసెట్ లేదన్న సంగతి వాడికి తట్టలేదు, నేనూ లేదనలేకపోయాను. మొత్తం రాసుకున్నాను. రెండుసార్లు చదివించుకుని సరిచూశాను.

తార్నాక_రైచు | జూన్ 15, రాత్రి 8:11

నాది నకిలీ, చచ్చిపోయింది. అయ్యో.

99వ_అంతస్తు | జూన్ 15, రాత్రి 8:14

నా క్యాసెట్ మా ఊళ్ళో ఉంది. బాకీ, నీ దగ్గరుంది కదా?

కెక్లియాన్‌బాకీ | జూన్ 15, రాత్రి 8:20

ఉంది. ఉప్పల్‌లో ఉన్నా, బస్సులో. ఇంటికి ఇరవై నిమిషాలు. మామా, కోడ్ పర్సనల్ మెసేజ్‌లో పెట్టు, చేతిరాత ఫొటో కూడా తీసి పెట్టు, సున్నాకీ ఓకీ తేడా తెలియాలి. వాడిని ఆట ముట్టుకోవద్దని చెప్పు, ఛార్జర్ పెట్టి ఉంచమను.

మౌలాలి_మామ | జూన్ 15, రాత్రి 8:22

పెట్టాను. ఛార్జర్ ఎప్పుడో పెట్టాడట.

కెక్లియాన్‌బాకీ | జూన్ 15, రాత్రి 9:31

14 చేరాను. లేపాను. ఎనిమిదో ఫ్లోర్‌లో మాన్‌స్టర్ హౌస్ తగిలింది, సందులోకి వచ్చేశాను. తిరుగు కోడ్ నీకు పంపాను, నెమ్మదిగా చదివి చెప్పు. మూడో వరుసలో ఆరోది అంకె, అక్షరం కాదు.

శ్రావణమేఘం | జూన్ 15, రాత్రి 9:40

ఏమైంది? ఎక్కిందా?

మౌలాలి_మామ | జూన్ 15, రాత్రి 9:52

మొదటిసారి చెల్లలేదు. నేనే మూడో వరుస తప్పు చదివాను. రెండోసారి ఎక్కింది. గజ లేచింది, చింటూ లేచింది. గమ్మీలన్నీ లెక్కపెట్టుకున్నాడు, ఒక్కటీ పోలేదు.

లేపిన అన్న పేరేంటి, ఎక్కడుంటాడు, గజ కంటే పెద్ద లెవెలా అని అడుగుతున్నాడు. బాకీ, ఆగు, పడుకోకు. నీకు థాంక్యూ మెయిల్ పంపుతున్నాడు, లోపల ఏదో సామాను కూడా పెట్టాడట, ఏమిటో నాకు చెప్పనంటున్నాడు. కోడ్ చదువుతున్నాడు, రాసుకుంటున్నా.

కెక్లియాన్‌బాకీ | జూన్ 15, రాత్రి 9:53

మెలకువగానే ఉన్నా. నెమ్మదిగా చెప్పమను.